తోక కోసిన పాట

మా వాట్సాప్ గుంపులో ఇరవై మందికి పైనే ఉన్నాం. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, ఈ మూడు ఊళ్ళలో పాత క్యాసెట్లు దాచుకున్న పెద్దమనుషులందరూ అందులోనే ఉన్నారు. కంపెనీలు వేసి అమ్మిన క్యాసెట్లు కావు. జాతరల్లో, రథోత్సవాల్లో, పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు అక్కడికక్కడ పట్టుకున్న హరికథలు, కచేరీలు, నాదస్వరాలు, భజనలు. పొద్దున లేవగానే ఒకాయన తన బీరువాలోని క్యాసెట్ల వరుసను ఫోటో తీసి పెడతాడు. పక్కన అగరొత్తి కూడా వెలిగించి ఉంటుంది. మిగతావాళ్ళు దండాల బొమ్మలు పెడతారు. ఆ వరుసలో ఒక్కటైనా ఈ మధ్య విన్నావా అని అడిగితే, "వింటే టేపు అరిగిపోతాది కదప్పా" అంటారు. వినడానికి కాకపోతే ఊరగాయ పెట్టుకోవడానికా?

చిక్కబళ్ళాపురంలో ఒక రిటైరైన మేష్టరు ఉన్నాడు. ఏ క్యాసెట్ ఏ అరలో ఉందో, పట్టినవాడు ఎవరో, చేతులు ఎన్ని మారిందో అన్నీ నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. అందులో ఫలానా కీర్తన ఏ రాగమని అడిగితే నోటుబుక్కు తీసి చూసి చెబుతాడు. బాగేపల్లిలో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడు. ఎవరింట్లో పెద్దవాళ్ళు పోయినా కర్మ ముగియకముందే పోయి, కళ్ళు తుడుచుకుంటూనే క్యాసెట్లు ఉన్నాయా అని వాకబు చేస్తాడు. ఆయనింట్లో క్యాసెట్ వేసుకునే మిషనే లేదు. ఎప్పుడో చెడిపోతే బాగు చేయించలేదు. ఒక నాదస్వరం క్యాసెట్ పెళ్ళిలో పట్టిందా, గుళ్ళో పట్టిందా అనే విషయం మీద ఈ ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఆ క్యాసెట్లో నాదస్వరం ఎలా ఉందో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు.

వీళ్ళందరినీ నేను చులకనగానే చూస్తాను, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. వాళ్ళంతా జనంలో కూర్చుని, ఒళ్ళో టేప్‌రికార్డర్ పెట్టుకుని పట్టినవాళ్ళు. వాళ్ళ క్యాసెట్లలో పాట కంటే పక్కవాడి దగ్గు ఎక్కువ, వేరుశనక్కాయలు ఒలిచిన చప్పుడు ఎక్కువ. నేను మైక్‌సెట్టు మనిషిని. చింతామణిలో మా అంగడి. ముప్పై ఏళ్ళకు పైగా ఈ తాలూకాల్లో ఎక్కడ పందిరి వేసినా నా హారన్లే కట్టేవాళ్ళు. పాడేవాళ్ళ నోటి ముందుండే మైకు నాది. అందులోంచి వచ్చిన గొంతు ఆంప్లిఫయర్లోకి పోతుంది, అక్కణ్ణుంచి ఒక వైరు నేరుగా నా టేప్ డెక్కులోకి. మధ్యలో ఎవడి దగ్గూ దూరదు. దీన్ని లైన్ రికార్డింగ్ అంటారు. ఆ మాట అనేటప్పుడు కొంచెం మెడ ఎత్తి అనేవాణ్ణి.

ఇచ్చిపుచ్చుకోవడాలు చింతామణి బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో జరిగేవి. క్యాసెట్‌కు క్యాసెట్టే ఇవ్వాలి, డబ్బు మాట ఎత్తితే చీదరించుకునేవాళ్ళం, అంత పవిత్రులం. చేతిరుమాలులో చుట్టి తెచ్చిన క్యాసెట్‌ను బల్ల కింద నుంచి అందుకునేవాళ్ళం. చూసినవాళ్ళు గంజాయి బేరం అనుకుని ఉంటారు. ఇది పైకి కనిపించే పద్ధతి. లోపల ఇంకో పద్ధతి ఉంది. ఎవడూ పూర్తిది ఇవ్వడు. కాపీ చేసేటప్పుడే ఎక్కడో ఒకచోట కోసి ఇస్తాడు. మేష్టరు మొదటి శ్లోకం కోసేవాడు. బట్టల వ్యాపారి, మిషన్ ఉన్న రోజుల్లో, మధ్యలో ఒక ముక్క ఎగరగొట్టేవాడు. నేను తోక కోసేవాణ్ణి. పూర్తిది మన దగ్గరే ఉంటే, కావలసినవాడు మళ్ళీ మన గడపే తొక్కాలి కదా. పైగా మనం ఇచ్చింది చేతులు మారి ఎక్కడ తేలినా, కోతను బట్టి మనదేనని పట్టుకోవచ్చు, పశువుకు వాత పెట్టినట్టు. అందరూ కోస్తారని అందరికీ తెలుసు, ఎవడూ నోరు విప్పడు. తిలా పాపం తలా పిడికెడు.

నేను కోసిన తోకల్లో ఒకటి హరికథ చెప్పే ఒకామెది. మిట్టేమరిలో పుట్టి, గుడిబండ పక్క సోమేనహళ్ళికి కోడలిగా వచ్చిన మనిషి. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, ఒక్కతే నిలబడి ఊరు ఊరంతటినీ కదలకుండా కూర్చోబెట్టేది. ఒక ఏడు పరగోడు జాతరలో సీతమ్మ పెళ్ళి కథ చెప్పింది. మైకు నాదే. అప్పగింతల ఘట్టం వచ్చేసరికి కథలో లేని పాట ఒకటి ఎత్తుకుంది. అది వాళ్ళమ్మ కట్టుకున్న పాట. ఈమె అత్తగారింటికి బయలుదేరినప్పుడు గుమ్మంలో నిలబడి పాడిందట. ఆ తల్లి పోయి అప్పటికి రెండు నెలలు. ఎన్నడూ సభలో పాడనిది ఆ సాయంత్రం పాడింది, మళ్ళీ ఎక్కడా పాడలేదు.

ఆ పాటకు ఐదు చరణాలు. ప్రతి చరణానికి ముందు ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకునేది. మైకు అంత దగ్గరగా ఉండటంతో ఆ ఊపిరి కూడా టేపులో పడింది. కాపీలు చేసేటప్పుడు నాలుగో చరణం దాకా పోనిచ్చి, ఐదోదానికి ఆమె ఊపిరి తీసుకోగానే మీట నొక్కేవాణ్ణి. ఊపిరి వినబడుతుంది, పాట వినబడదు. అదే నా వాత. ఇంత నాజూకుగా కోసేవాడు ఇంకొకడు లేడని మురిసిపోయేవాణ్ణి కూడా.

తర్వాత కాలం మారింది. జాతరలకు డీజేలు వచ్చాయి. నా హారన్లు దిగి అంగడి మూలకు చేరాయి. ఇప్పుడు ఇళ్ళల్లోని పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తుంటాను. పోయిన ఏడాది మా గుంపులో ఒకడు ఆ అప్పగింతల పాట పెట్టాడు. నా కాపీకి కాపీకి కాపీ. అక్కణ్ణుంచి ఫోన్లకెక్కి ఊళ్ళన్నీ తిరిగింది. ఈ ప్రాంతంలో ఏ పెళ్ళి ఛత్రంలో చూసినా పెళ్ళికూతురు బయలుదేరే వేళకు అదే పెడుతున్నారు. నాలుగు చరణాలు, ఒక ఊపిరి, ఆ వెంటనే బ్యాండు.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పాట పాడినామే మా అంగడికి వచ్చింది. తోడుగా బాగేపల్లిలో బట్టలు కుట్టే ఒకామె ఉంది, ఈమె దగ్గర పాట నేర్చుకుంటున్న మనిషి. హరికథ చెప్పే ఆమెకు వయసు మీద పడింది, గొంతు సన్నబడింది, చూపు మాత్రం అప్పటిదే. కూర్చోమన్నా కూర్చోలేదు. శిష్యురాలి చేత ఫోన్లో పాట పెట్టించింది. నాలుగు చరణాలు అయ్యాయి. ఊపిరి వినబడింది. ఆగిపోయింది.

"ఇంగోటి ఉండాది కదప్పా," అంది.

"ఏం ఉండాదమ్మా?" అన్నాను తేలు కుట్టిన దొంగలాగా.

"ఐదో చరణం. నీ మైకులోనే పాడింటి. నాలుగు దాకా ఒకదాని ఎనక ఒకటి వస్తాండాయి. ఐదోది నోటికి రావడం లే. ఈయమ్మ కూతురి పెండ్లి వచ్చే నెల, చిక్కబళ్ళాపురంలో. అప్పటికి నేర్పిస్తానని మాటిచ్చినా."

"నాలుగు ఉండాయి కదమ్మా. జనానికి అవే శానా నచ్చినాయి," అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది. "ఆ నాలుగూ ఏం చెప్తాండాయో ఎప్పుడన్నా విన్నావా? అత్త తిడితే తల వంచుకో. మొగుడు కసిరితే నవ్వు. ఆకలైతే నీళ్ళు తాగు. ఏడుపొస్తే పొయ్యి ఊదు, ఎవరన్నా అడిగితే పొగ అని చెప్పు. ఇవే కదా? ఐదోదాంట్లో మా అమ్మ ఏమనిందంటే, ఇంత చేసినా నిన్ను బతకనీకపోతే వచ్చేయి, దొడ్డి తలుపుకు గడియ పెట్టను అనింది. ఆ మాట కోసరమే ఆ పాట. మాట తెలుసు, పాట పోయింది. అది లేకుండా పాడితే ఆడబిడ్డ గొంతు కోసినట్టే."

పూర్తిది నా పెట్టెలోనే ఉందని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎంతో వెతికి, ఎక్కడెక్కడో తిరిగి సంపాదించినట్టు నాలుగు రోజుల తర్వాత పోయి చేతిలో పెడితే ఎంత గొప్పగా ఉంటుందో అనుకున్నాను. "విచారిస్తానమ్మా" అని పంపించేశాను. బుద్ధి అంటే అదీ.

నా అసలు క్యాసెట్లన్నీ ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. గుంపులోవాళ్ళు అప్పుడప్పుడు అంగడికి వచ్చి కూర్చుంటారు. నేను టీ చెప్పడానికి బయటికి పోతే ఎక్కడ చెయ్యి పెడతారోనని భయం. అందుకని పెట్టె మీద పాత హారన్ యూనిట్లు పేర్చాను. మోయలేనంత బరువు, కదిపితే చప్పుడవుతుంది, ఎవడూ ముట్టుకోడు. అలా పన్నెండేళ్ళు. హారన్ యూనిట్ అంటే ఏమిటి? వెనకాల ఇంత లావు అయస్కాంతం. టేపు మీద ఉండేదేమిటి? అయస్కాంతం రాసిన రాత. తెలియనివాడు చేసి ఉంటే అయ్యో పాపం అనవచ్చు. స్పీకరు పక్కన క్యాసెట్లు పెట్టొద్దని ఆ గుంపులో వందసార్లు చెప్పినవాణ్ణి నేను. మేష్టరు ఒకసారి రేడియో మీద క్యాసెట్ పెడితే నలుగురి ముందూ ఆయనకు గడ్డి పెట్టాను. కాపలా పెట్టి మరీ చెరుపుకోవడం మైక్‌సెట్టువాడికే సాధ్యం. కంచే చేను మేసింది.

ఆ క్యాసెట్ అన్నిటికన్నా పై వరుసలో ఉంది. విలువైనదని పైన పెట్టుకున్నాను మరి. డెక్కు హెడ్డును స్పిరిట్‌తో తుడిచాను. పక్కనుండే చిన్న స్క్రూ అటూ ఇటూ తిప్పి చూశాను. కంప్యూటర్లోకి ఎక్కించి ఎంత పెంచవచ్చో అంత పెంచాను. పెనం మీద పెసలు వేగుతున్నట్టు చప్పుడు. అడుగున ఎక్కడో చిడతల్లాంటి చప్పుడు. ఇంకో డెక్కు అడిగి తెచ్చి అందులో వేశాను. క్యాసెట్ విప్పి టేపును కొత్త డబ్బాలోకి మార్చాను. మూడు రోజులు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నా ఒక్క మాట తేలలేదు.

ఇక దిక్కులేక గుంపులో అడిగాను. ఆ రోజు పరగోడులో ఒళ్ళో రికార్డర్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి కదా అని ఆశ. పాడినామే స్వయంగా అడుగుతోందని కూడా రాశాను. ఆమె గొంతుకు అగరొత్తులు వెలిగించే భక్తులు కదా, ఉలిక్కిపడి లేస్తారనుకున్నాను. "నా దగ్గర పూర్తిది ఉండాది, దానికి మీరేమిస్తారు?" అని మొదటి జవాబు. "ఆయమ్మ గజ్జెలు ఇప్పిస్తే ఆలోచిస్తా" అని బట్టల వ్యాపారి. నాలుగు రోజులు బతిమాలాక ఏడుగురు తమ పూర్తి కాపీలు పంపారు. ఏడూ నావే. ఏడింట్లోనూ అదే ఊపిరి, అదే కోత. ఐదోది లేదు కదా అంటే మేష్టరు ఇంత పొడుగు సందేశం రాశాడు. నాలుగు చరణాలు నాలుగు ఆశ్రమాలకు గుర్తట. చివరి ఊపిరి మోక్షానికి సూచనట. ఆ నిశ్శబ్దంలోనే సారమంతా ఉందట. అందరూ దండాలు పెట్టారు. నా బొటనవేలిలో ఇంత వేదాంతం ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

బస్సెక్కి సోమేనహళ్ళికి పోయాను. శిష్యురాలు కూడా అక్కడే ఉంది, కూతురి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. కోసింది నేను, దాచింది నేను, చెరిపింది నేను. చెప్పడం అయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలేప్పా," అంది. "నువ్వు విన్నావు కదా. చెవులకు అవి తగిలించుకొని నా ముందరే కూర్చోనింటివి. అందరి కన్నా బాగా విన్నది నువ్వే. ఒక్క మాట తెచ్చియ్యి చాలు, మిగిలింది నేను అందుకుంటా."

కళ్ళు మూసుకున్నాను. ఆ సాయంత్రమంతా ముందుకొచ్చింది. పందిరి గుంజ, ఆంప్లిఫయర్ మీద పచ్చదీపం, అద్దం వెనక గొంతు హెచ్చుతగ్గులు చూపించే ముల్లు. ఆమె ఊపిరి తీసుకుంది, ముల్లు కొంచెం లేచింది. ఐదో చరణం ఎత్తుకుంది, ముల్లు సగం దాటింది. చివరి మాట దగ్గర ఎర్రగీతను తాకితే నేను బిరడా కాస్త వెనక్కి తిప్పాను. అంతా గుర్తుంది. ముల్లు ఏ గీత మీద నిలబడిందో వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలను. మాట మాత్రం ఒక్కటీ లేదు. మైకులోంచి నేరుగా నా చెవుల్లోకి పోసినా నేను వినలేదు. ఒళ్ళో రికార్డర్ పెట్టుకున్నవాడు వేరుశనక్కాయలు తింటూనైనా విన్నాడేమో. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు, నా నలుపు ఆ రోజు ఇద్దరు ఆడవాళ్ళ ముందు బయటపడింది.

"ముల్లు గుర్తుండాదమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. "ఆ మైకే నీకన్నా మేలప్పా. విన్నది విన్నట్టు బయటికి చెప్తాది, దాచుకోదు." తర్వాత శిష్యురాలి వైపు తిరిగింది. "నాలుగే అయితే నీ బిడ్డ పెండ్లిలో పెట్టొద్దు. పాడితే ఐదూ పాడాల. లేకుంటే నోరు మూసుకోనుండాల." శిష్యురాలు సూది పక్కన పెట్టి తల ఊపింది.

ఇంటికొచ్చి గుంపులో ఉన్నదున్నట్టు రాశాను. కోసింది నేనే, అసలుది చెరిగిపోయింది, ఆమె వద్దంటోంది, ఫోన్లలోంచి పాట తీసేయండి అని. ఒక్కడు నమ్మితే ఒట్టు. "అసలుది పెట్టుకోని నాటకాలు ఆడతాండాడు" అన్నారు. సాయంత్రానికల్లా బేరాలు మొదలయ్యాయి. ఒకడు మూడు నాదస్వరాలు ఇస్తానన్నాడు. మేష్టరు, మోక్షం సంగతి మరిచిపోయి, తన బీరువాలో ఒక అర మొత్తం ఇస్తానన్నాడు. ఉన్న క్యాసెట్లన్నిటి కన్నా లేని చరణానికి గిరాకీ వచ్చింది. పాట తీసేసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

పెళ్ళికి మైకు శిష్యురాలు నాకే చెప్పింది. నా మీద దయతో కాదు, ఇంకెవరైనా అయితే ఆ పాట పెట్టేస్తారని. రెండు స్పీకర్లు, ఒక మైకు తీసుకుని చిక్కబళ్ళాపురం ఛత్రానికి పోయాను. తాళి కట్టడం, భోజనాలు అన్నీ సవ్యంగా జరిగాయి. అప్పగింతల వేళకు పెళ్ళికొడుకు మేనత్త ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఆ పాట పెట్టప్పా."

"వద్దమ్మా. పెండ్లికూతురి వాళ్ళు వద్దనినారు."

"అందరి పెండ్లిలోనూ పెడతారు, మా పెండ్లికి ఏం రోగం?" అని వైరు తానే తీసి ఫోన్‌కు గుచ్చింది.

పాట మొదలైంది. నా రికార్డింగే, చేతులు మారి మారి బొంగురుపోయింది. తల వంచుకోమన్న దగ్గర మగపెళ్ళివారి ఆడవాళ్ళు తలలూపారు. పొయ్యి ఊదమన్న దగ్గర మేనత్త "ఎంత బాగా చెప్తాండాదో సూడు" అంది. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది. నాలుగో చరణం అయిపోయింది. ఊపిరి వినబడింది. ఆ వెంటనే నా మీట చప్పుడు, అంత పెద్ద ఛత్రంలో నాకొక్కడికే తెలిసింది.

బ్యాండువాళ్ళు ఎత్తుకునేలోగా మైకు చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్ళలో మైకులో నేను మాట్లాడింది "హలో, చెక్, ఒకటి, రెండు, మూడు" తప్ప ఏమీ లేదు.

"ఇంగో చరణం ఉండాది," అన్నాను. "ఇంత చేసినా నిన్ను బతకనీకపోతే వచ్చేయి పాపా, దొడ్డి తలుపుకు గడియ పెట్టను అని ఆయమ్మ వాళ్ళమ్మ పాడింది. దాన్ని కోసింది నేనే."

ఛత్రంలో గగ్గోలు లేచింది. "శుభమా అని పెండ్లి చేస్తాంటే ఏం మాటలప్పా ఇవి!" అని మేనత్త మీదికొచ్చింది. ఎవరో మైకు లాక్కున్నారు. ఇంకెవరో ఆంప్లిఫయర్ ప్లగ్గు పీకేశారు. నా తోకా కోశారు, న్యాయమే.

పెళ్ళికూతురు కారు తలుపు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి వాళ్ళమ్మను అడిగింది.

"అవునామ్మా?"

తల్లి వియ్యాలవారి వైపు ఒకసారి చూసింది. అందరూ వింటున్నారు. ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఈసారి నా వేలి కింద మీట లేదు.

"మన దొడ్డి తలుపుకు గడియ యాడుండాది పాపా," అంది. "మొన్ననే పీకేసినా."